మెత్తపెంకు

ఉప్పుటేరు గట్టు మీద నాకిది కావలి రాత్రి.
అక్కడెక్కడో వాళ్ళకి బేరాల పగలు.
మధ్యలో ఈ ఫోను.
చిట్లిన అద్దం కింద ఒక కార్ల కంపెనీ
మెట్టు మెట్టే దిగుతోంది.

తొంభై ఏళ్ళ పేరు. నాలుగు ఖండాల్లో కొలుములు.
నిరుడు నూటపది, ఇవాళ ముప్పై ఎనిమిది.
డాలర్లే అనుకో,
పడటానికి ఏ దేశపు డబ్బయితేనేం.

"చవగ్గా ఉంది బావా, ఎత్తేద్దాం" అన్నాడు గనిరాజు.
మేత డీలరు. పడిందల్లా చవకే వాడికి.
లాభానికి నాలుగింతలేనట ధర,
పుస్తకపు విలువలో మూడోవంతేనట.
ఎప్పటి లాభంరా అనడిగాను.
నిరుటిది.
నిరుటి రొయ్యని ఈ యేడు కాటాలో వేస్తావా?

పుస్తకపు విలువంటే నాకు బాగా తెలుసు.
నా పుస్తకంలోనూ ఒకప్పుడు పద్నాలుగు ఏరియేటర్లుండేవి.
అమ్మబోతే
ఆకివీడు పాత ఇనుము కొట్టువాడు
మోటార్లు వేరు, తుప్పు వేరు అన్నాడు.

రెండొందల పన్నెండు పేజీల నివేదిక.
కాస్త కాస్త తెలుగు చేసి పెడుతుంది ఫోను,
అప్పుని ఒకచోట ఋణమని, ఒకచోట బాధ్యతని.
ముందు పేజీల్లో అంతా పచ్చటి నీళ్ళు, నవ్వే ముఖాలు.
నూట యాభై దాటాక తగిలింది
అడుగు నల్లమట్టి.
కాలు పెడితే బుడగలొచ్చే మట్టి.

తన కార్లు కొనేవాళ్ళకి తనే అప్పిస్తుందట.
అమ్మకాలు పెరిగాయని రాసుకుంటుందట.
"నువ్వు నాకు మేత అరువిచ్చినట్టేరా గనిరాజూ.
రేపు నేను మునిగితే
నీ అమ్మకాలేమవుతాయి?"
వాడు నవ్వలేదు.
సిగరెట్టు కోసం జేబులన్నీ తడుముకున్నాడు.

భీమవరంలో యేసుపాదం షెడ్డుకెళ్ళాను.
ఆ కంపెనీ బండొకటి బానెట్ తెరిచి ఉంది.
"ఇంజను వినండి సార్, పాలు కాగుతున్నట్టు లేదూ" అన్నాడు.
విన్నాను. నిజమే.
ఎప్పుడిస్తావన్నాను.
సెన్సరు రావాలి, నలభై రోజులైంది.
బండి గలాయన డ్రైవరు
షెడ్డు ముందే చైనా కారు దిగాడు,
చప్పుడు లేకుండా.

రెండు ఫ్యాక్టరీలు అమ్మి ఆ సొమ్ముని లాభంలో కలిపారు.
గట్టు మీద కొబ్బరిచెట్లు కొట్టి అమ్ముకుని
పంట పండిందన్నట్టు.
అయినా,
అయినా ఆ ఇంజను చప్పుడు చెవిలోంచి పోదు.

నిన్న రాత్రి మేత ముట్టలేదు రొయ్య.
అమావాస్య కదా, పెంకు విడుస్తుందేమో.
పాత పెంకు ఊడి, కొత్తది గట్టిపడేదాకా
తినదు, కదలదు, మూల చేరి పడుంటుంది.
తెల్లమచ్చ తగిలినా అంతే.
మొదటి రాత్రి రెండూ ఒక్కలాగే ఉంటాయి.
భయపడి పట్టేసినవాడు
మెత్తరొయ్యని సగం ధరకి అమ్ముకుంటాడు.
భయపడనివాడు
తెల్లారి కొంగల్ని చూసి తెలుసుకుంటాడు.

టార్చి వెలుగులో పేగు గీత చూడమనేవాడు మా మావయ్య.
నిండుగా ఉందా, తెగి తెగి ఉందా.
కంపెనీకైతే అది నగదు.
మూడేళ్ళుగా తెగి తెగే ఉంది.
ఈ మూడు నెలల్లో మాత్రం
సన్నగా, వెంట్రుకంత, కలిసినట్టుంది.
లేక నా కళ్ళకి కావాలనిపించిందో.

పిల్ల కోసం దాచిన నలభై రెండు వేలుంది.
పిల్లంటే రొయ్యపిల్ల.
ఒక్క షేరు కొన్నాను. ఒకే ఒక్కటి.
చెక్ ట్రేలో వేసే గుప్పెడు మేత.
గనిరాజుకి చెప్పలేదు, వాడు నూరు కొన్నాడు.

ఒకటిన్నరకి వాళ్ళ అంగడి మూసేశారు.
ముప్పై ఏడున్నర.
లుంగీ ఎగ్గట్టి నీళ్ళలో దిగి ట్రే ఎత్తాను.
మేత సగం అలాగే ఉంది.
సగం లేదు.
పక్కన ఒక ఖాళీ పెంకు,
కాళ్ళు, మీసాలు, కళ్ళ గుంటలతో సహా,
అవతల నా వేలు కనబడేటంత పలచగా.
దీన్ని విడిచింది ఈ నీళ్ళలో
ఎక్కడో బతికుందో లేదో.

ఎలాగైనా ముందు గాలి కావాలి దానికి.
మూడో ఏరియేటరు స్విచ్చి వేశాను.
కరెంటు బిల్లు సంగతి పొద్దున్న.